నలభై కుర్చీలూ సుపీరియరే

ఆ రోజు ఉదయం దుకాణం తలుపులు తీసేసరికి నా దగ్గరున్నవి మూడు: నలభై కొత్త కుర్చీలు, వాటిని చూడ్డానికి పది గంటలకు వస్తానన్న గ్రంథాలయం మేడమ్, ఒక బావమరిది. మొదటి రెండూ ఆస్తి కింద రాసుకోవచ్చు.

మూడోవాణ్ణి అందరూ భూతద్దం అంటారు. అది జేబులో లేకుండా ఎవరూ వాణ్ణి చూడలేదు. గుమ్మంలో నిలబడి ప్రకటించాడు.

"బావా! నేరం ఎంత లోతున దాక్కున్నా నా చూపు దానికన్నా లోతు. ఈ మెదడుకి ఇంతవరకు ఓటమి తెలీదు!"

"ఒక్క కేసైనా తెలిస్తేగా, ఓటమి తెలియడానికి!" అన్నాను.

అంతలో నా కళ్ళు కుర్చీల మీద పడ్డాయి. ముందురోజు నలభై కుర్చీల వీపులకీ 'సుపీరియర్' అని బంగారు రంగు లేబుళ్ళు నా చేత్తో నేనే అంటించాను. ఇప్పుడు తొమ్మిదింటికే ఉన్నాయి. ముప్పై ఒకటి మాయం. "అన్నీ సుపీరియరేనండీ" అని ఫోనులో మేడమ్‌కి మాటిచ్చి ఉన్నాను. ఈ ఆర్డరు చెయ్యిజారిందంటే మూడు నెలలుగా తెచ్చిపోసిన కలపంతా నా నెత్తినే.

భూతద్దం కళ్ళు మెరిశాయి. "ఇది మామూలు దొంగతనం కాదు బావా. అంతర్జాతీయ లేబుళ్ళ ముఠా!"

"కుర్చీలు వదిలేసి కాగితాలు ఎత్తుకెళ్తార్రా ఎవరైనా?"

"అక్కడే ఉంది వాళ్ళ తెలివి!"

ఆ కుర్చీలు చేసిన మేస్త్రి మూలన కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. తల ఎత్తి, "అయ్యా, ఆ లేబుళ్ళ సంగతి..." అన్నాడు.

"సాక్షులు పిలిచినప్పుడే నోరు తెరవాలి!" అంటూ భూతద్దం ఆయన్ని కింది నుంచి పైదాకా అద్దంలోంచి పరీక్షించాడు. మోచేతికి బంగారు రంగు ముక్కొకటి అంటుకుని ఉంది. "చూశావా బావా! అమాయకుణ్ణి ఇరికించడానికి ముఠా వదిలిన ఆధారం!"

మేస్త్రి నా వైపు చూశాడు. నేను గడియారం వైపు చూశాను.

సరిగ్గా పదికి మేడమ్ వచ్చారు. నేను నమస్కారం పెట్టేలోపే బావమరిది అడ్డం వచ్చాడు.

"అందరూ కూర్చోండి! దోషి ఈ గదిలోనే ఉన్నాడు!"

ఆవిడ వింతగా చూసి, లేబులున్న ఒక కుర్చీలో కూర్చున్నారు. వాడు కాలు మీద కాలేసుకుని లేబులు లేనిదాంట్లో కూర్చున్నాడు. మనిషి బరువూ తక్కువది కాదు. కుర్చీ కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు పోయాయి.

"హత్యాప్రయత్నం!" అని అరుస్తూ లేచి, పక్కదాంట్లో కూలబడ్డాడు. దాని గతీ అంతే. ఈసారి లేచి, వెనక్కి నాలుగడుగులు వేసి, చూసుకోకుండా మూడోదాని మీద ధబ్బున పడ్డాడు. అది కిర్రుమని కూడా అనలేదు. దానికి లేబులుంది.

"ఆగండాగండి," అన్నారు మేడమ్. "లేబులున్నది నిలబడింది. లేనివి రెండూ కూలాయి. ఎవరు వేశారు ఈ గుర్తులు?"

"గుర్తులు వెయ్యలేదమ్మా, గీకేశాను," అన్నాడు మేస్త్రి. "పొద్దున్నే వెనక తలుపున వచ్చి ఒక్కోదాంట్లో కూర్చుని ఊపి చూశాను. కదిలినవాటికి తీసేశాను. కాళ్ళకి పెట్టిన బంక ఆరడానికి నాలుగు రోజులు కావాలంటే అయ్యగారు రెండే ఇచ్చారు మరి."

"నాకు చెప్పొచ్చుగా మేస్త్రీ!"

"ఈ బాబు నోరు తెరవనిస్తేగా! ఆ ఇంగ్లీషు మాటకి అర్థం చెప్పిందీ ఈయనే. సుపీరియర్ అంటే మిగతావాటికన్నా మేలైనదంట. ఉదాహరణకి తనేనంట. అది విన్నప్పట్నించీ నాకొకటే అనుమానం. నలభైకి నలభై మేలైనవైతే, ఆ మిగతావి ఎక్కడున్నాయయ్యా?"

ఇరవై ఏళ్ళుగా ఆ మాటని బల్లలకీ, పీటలకీ, ఆఖరికి అవి కట్టిచ్చే అట్టపెట్టెలకీ అంటించాను. దేనికన్నా మేలు అని ఒక్కరూ అడగలేదు.

మేడమ్ నవ్వేశారు. "ఈ తొమ్మిదీ ఇవాళే పంపించండి. మిగతావి బంక ఆరాక చూద్దాం. ఒకటే షరతు. లేబులు ఈ మేస్త్రి అంటిస్తేనే తీసుకుంటాను."

"కేసు ముగిసింది!" బావమరిది నడుం పట్టుకుని లేచాడు. "ముఠా వెనకున్న అసలు సూత్రధారి తప్ప అందరూ దొరికారు."

"వాడూ దొరికాడ్రా," అన్నాను. "మేస్త్రికి ఆ మాట అర్థం చెప్పింది నువ్వేగా!"

లెక్క చూసుకుంటే, ఆ రోజు తొమ్మిది కుర్చీలు వెళ్ళాయి. ముప్పై ఒకటికి గడువు దొరికింది, అందులో రెండింటికి కాళ్ళు కొత్తగా బిగించాలి. ఆర్డరు నిలిచింది. లేబుళ్ళ కట్ట మేస్త్రి సంచిలోకి వెళ్ళింది, కావాలంటే నేనే అడగాలి. నిన్న ఒకటి అడిగాను. ఆయన కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ ఊగి చూసి, "ఇంకో రోజు ఆగండయ్యా," అన్నాడు.

ఆగాను.