సుజన మొక్కని మొక్కు

ఆ ఆదివారం సుజన, సుకుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రేణిగుంట నుంచి పొద్దున్నే తిరుపతి చేరాలి. బస్టాండు దగ్గర టిఫిను తిని, చిత్తూరు బస్సులో కిటికీ పక్క సీటు పట్టాలి. మధ్యాహ్నానికి సుకుమార్ పెద్దమ్మ ఇంట్లో విందుకు కూర్చోవాలి. పెళ్లయి రెండు నెలలైన సుజనకు ఇందులో ప్రతి ముక్కా పండుగే. సుకుమార్ చొక్కా, తన చీర అంచు ఒకే రంగులో కుదిరాయని ఇంటి దగ్గర అద్దంలో చూసుకుని ఒకసారి, రైల్వే గేటు దగ్గర ఒకసారి మురిసిపోయింది.

ఉన్నది ఒక్కటే బెంగ. సుజన పాలు, పెరుగు, నెయ్యి ముట్టదు. డిగ్రీ చదివేటప్పుడు కాలేజీవాళ్లు పాడి పశువుల కేంద్రానికి తీసుకెళ్లారు. తల్లి కోసం అరుస్తున్న లేగదూడను అక్కడ చూసి వచ్చి, ఆ సాయంత్రమే హాస్టల్లో కాఫీ మానేసింది. మాంసం, గుడ్డు అంతకు ముందే మానేసింది. ఈ సంగతి పెళ్లిచూపుల్లో చెబితే, "అయితే నీ వంతు పెరుగు గూడా నాకే" అని సుకుమార్ సంబరపడ్డాడు. ఇంకా చెప్పాల్సింది పెద్దమ్మ శకుంతలమ్మకు. తల్లి లేని సుకుమార్‌ను పెంచి పెద్దచేసింది ఆవిడే. కొత్త కోడలికి తన చేత్తో పాయసం పోయాలని ఎదురుచూస్తోంది. పాయసం వద్దంటే ఆ చేతినే వద్దన్నట్టు అవుతుందని సుజన భయం. ఆవిడ మనసులో చోటు సంపాదించుకోవాల్సింది పోయి, వెళ్లిన రోజే పోగొట్టుకుంటే ఎలా?

"పోయినాక నిదానంగా చెప్తాంలే," అన్నాడు సుకుమార్. ఏ విషయమైనా అతను అలాగే అంటాడు.

హోటల్లో సుజన ఇడ్లీ అడిగింది. నెయ్యి వద్దని కూడా చెప్పింది. వడ్డించే మనిషి కొత్త జంటను చూసి ముచ్చటపడి, ఇడ్లీల మీద రెండు గరిటెల నెయ్యి పోశాడు. ఆ ప్లేటు సుకుమార్ వైపు జరిగింది. తరువాత దోసె వచ్చింది, నడుమ వెన్నముద్దతో. అదీ జరిగింది. జీడిపప్పు నేతిలో వేయించిన ఉప్మా కూడా జరిగేసరికి, యజమాని బాలసుబ్రమణ్యం గల్లాపెట్టె దగ్గరి నుంచి లేచి వచ్చాడు.

"ఏమ్మా, మా వంటలో ఏం తప్పు కనిపించినాది?"

"తప్పు కాదండీ. జంతువుల నుంచి వచ్చేవి నేను తినను."

ఆయన ముఖం ఎర్రబడింది. "జంతువులా? బోర్డు సూడలేదా? కోడిగుడ్డు గూడా ఈ గడప తొక్కలేదమ్మా ఇంతవరకు!"

చుట్టూ ఉన్నవాళ్లు తమ తమ ఇడ్లీలను అనుమానంగా చూసుకున్నారు. ఒకాయన సాంబారును చెంచాతో కెలికాడు.

"అట్ల కాదండీ, పాలు కూడా..."

"పాలు జంతువా?"

సుకుమార్‌కు చెమటలు పట్టాయి. నోటికి వచ్చిన మొదటి మాట అనేశాడు. "మొక్కప్పా! మా ఇంటామె మొక్కులో ఉండాది. పాలు, నెయ్యి వదిలేసినాది."

తిరుపతిలో ఆ మాటకు అడ్డు లేదు. బాలసుబ్రమణ్యం రెండు చేతులూ జోడించాడు. "ముందే చెప్పకూడదా తల్లీ!" అని వంటింట్లోకి కేక వేశాడు. పెనం కడిగారు. నువ్వుల నూనెతో దోసె పోశారు. బెల్లం వేసిన శొంఠి కాఫీ వచ్చింది. దోసె అంచు విరిచినప్పుడు వచ్చిన చప్పుడుకే సుజనకు నవ్వొచ్చింది. ఇంత చిన్న అబద్ధానికి ఇంత మంచి దోసె వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఏం మొక్కో నేను అడగను. అడగకూడదు, చెప్పకూడదు," అన్నాడు బాలసుబ్రమణ్యం గొంతు తగ్గించి. "ఎవురి కోసరమో, అది మాత్రం చెప్పు తల్లీ."

సుజన మొగుడి వైపు చూసింది. "ఈయన కోసమే," అని సిగ్గుతో తల వంచుకుంది.

ఆ వంచిన తలను ఆయన దుఃఖమనుకున్నాడు. సుకుమార్‌ను ఎగాదిగా చూశాడు. ముగ్గురి టిఫిను తిన్న సుకుమార్ పొట్ట పట్టుకుని, నొసలు చిట్లించి, గోడకు ఆనుకుని ఉన్నాడు.

"యా ఊరికప్పా ప్రయాణం?"

"చిత్తూరుకు. కట్టమంచిలో మామిడి మండీ వరదయ్య ఇంటికి. మా పెదనాయన."

"వరదయ్యా! మాకు బాగా కావాల్సినోడు కదప్పా!" అన్నాడు బాలసుబ్రమణ్యం. వాళ్లు వీధి దాటేలోగా ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. గాలికి సుజన చీర కొంగు సుకుమార్ ముఖం మీద పడుతుంటే అతను తియ్యలేదు. దారిలో పెద్దమ్మ ఫోను చేసింది.

"రేయ్ నాయనా, సీటు దొరికిందా? నిలబడద్దు. కిటికీ మూసుకో. నువ్వు మాట్లాడద్దు, ఆయాసమొస్తాది," అని పెట్టేసింది.

"ఎంత ప్రేమో చూడండి!" అంటుంటే సుజన కళ్లు చెమర్చాయి.

చిత్తూరులో ఇంటి ముందు పదిహేను జతల చెప్పులున్నాయి. వరండాలో అందరూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నడుము దాకా వేలాడే దట్టమైన జడతో శకుంతలమ్మ ఎదురొచ్చి, సుకుమార్ ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది. అతన్ని నడిపించుకుపోయి మంచం మీద పడుకోబెట్టింది. ఫ్యాను పెద్దది చేసింది. వరదయ్య పక్కన కూర్చుని పాదాలు నిమిరాడు.

"నాకేమైంది పెద్దమ్మా?"

"ఏం కాలేదు నాయనా. ఏమీ కాదు," అంది శకుంతలమ్మ, ముక్కు చీదుతూ.

పక్కింటి లోకేశ్వరి వంగి అతని కనురెప్ప ఎత్తి చూసింది. "పచ్చగా ఉండాయి," అంది. ఎదురింటాయన తెల్లగా ఉన్నాయన్నాడు. రంగు మీద కొంచెం వాదన జరిగింది. మొక్కులో ఉన్నవాళ్లను నోరు తెరిచి అడగకూడదు కాబట్టి ఎవరూ అసలు సంగతి అడగలేదు. అడగలేదు కాబట్టి వీళ్లూ చెప్పలేదు. కొత్తగా పెళ్లయినవాళ్లకు ఈ వీధిలో ఇలాగే మర్యాద చేస్తారేమో అనుకుంది సుజన.

భోజనం వేళకు సుకుమార్‌కు గంజి వచ్చింది. సుజనకు నాలుగు అరటిపండ్లు వచ్చాయి. వంటింట్లోంచి మాత్రం వేరే వాసన వస్తోంది. తొంగి చూస్తే రాగి సంగటి, వేరుశనగ ఊరిబిండి పచ్చడి, వంకాయ పులుసు, అలసంద వడలు. అన్నీ వేరుశనగ నూనెతో చేసినవే. పాయసం ఒక్కటి తప్ప అక్కడున్న ప్రతిదీ సుజన తినగలిగిందే. ఆ గిన్నెలన్నీ ఒక్కొక్కటిగా ప్రహరీ మీదుగా లోకేశ్వరి ఇంట్లోకి పోతున్నాయి.

"ఎందుకత్తమ్మా, అవన్నీ ఇచ్చేస్తున్నారు?"

"అన్నిట్లో ఉల్లిగడ్డ, తెల్లగడ్డ వేసేసినా బిడ్డా. మొక్కులో ఉండేదానికి పెట్టి పాపం మూటగట్టుకుంటానా?"

చివరి వడల పళ్లెం గోడ దాటుతుంటే సుజన అరటిపండు తొక్క తీస్తూ చూసింది. ఆ వడల మీద పాల చుక్క పడి ఉండదు. ఆ మాట ఆవిడకు చెప్పాలనుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"దిగులుపడద్దమ్మా," అని లోకేశ్వరి గోడ అవతలి నుంచి ఓదార్చింది. "ఈ కాలంలో దేనికైనా మందులుండాయి. మీ ఆయన జబ్బుకు గూడా ఉంటాయి."

సుజన చేతిలో పండు జారి పడింది. పొద్దున హోటల్లో తానన్న మాట, బస్సులో వచ్చిన ఫోను, మంచం, గంజి, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆమె గదిలోకి పరుగెత్తింది. "ఏమండీ, లేవండి! మీకు జబ్బంట! అందరూ అదే అనుకుంటున్నారు!"

ఇద్దరూ పూజగదికి వెళ్లేసరికి శకుంతలమ్మ పసుపు గుడ్డలో ముడుపు కడుతోంది. కళ్లు మూసుకుని గట్టిగా చెబుతోంది. "ఏడుకొండల సామీ, నా బిడ్డ ఒంట్లో ఏ జబ్బూ లేదని తేలితే, నా తలనీలాలు నీకిస్తా."

"పెద్దమ్మా, నాకు ఏ జబ్బూ లేదు!" అన్నాడు సుకుమార్.

ముడి పడింది. శకుంతలమ్మ కళ్లు తెరిచింది.

సుజన ఏడుస్తూ మొత్తం చెప్పింది. లేగదూడ సంగతి, మూడు ప్లేట్ల సంగతి, మొక్కన్న అబద్ధం, "ఈయన కోసమే" అన్న సిగ్గు. వినేవాళ్లు వరండా నుంచి తలుపు దాకా వచ్చారు. తనను ఇప్పుడు తిడతారని, ఈ ఇంటికి ఇక రావద్దంటారని సుజన అనుకుంది. శకుంతలమ్మ ముఖం మాత్రం వెలిగిపోయింది.

"ముడి గూడా బిగించలేదు, అప్పుడే వినినాడు సామి!"

"జబ్బే లేనప్పుడు మొక్కేందే?" అన్నాడు వరదయ్య.

"లేదని తేలితే అన్నాను. తేలినాది కదా?"

"నా జుట్టు ఇస్తా పెద్దమ్మా. తప్పు నాది," అన్నాడు సుకుమార్.

"నువ్విస్తే నీ మొక్కు. నాది నేనే ఇయ్యల్ల." ఆవిడ సుజన వైపు తిరిగింది. "పిచ్చిదానా, పాలు తాగనని ఒక్క మాట చెప్పింటే పాయసం మానేసి ఇంకో రెండు వడలు వేసేదాన్ని కదా! దీనికి సామిని గూడా లేపల్లనా?"

ఆ సాయంత్రం లోకేశ్వరి ఇంటికి మనిషిని పంపితే గిన్నెలు కడిగి ఇచ్చారు.

మరుసటి వారం తిరుమలలో సుజన పెద్దావిడ సంచి, కళ్లజోడు పట్టుకుని కల్యాణకట్ట బయట నిలబడింది. లోపలికి వెళ్లేముందు ఆ జడ చివర తానే మల్లెపూలు పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. శకుంతలమ్మ గంధం పూసిన గుండుతో తిరిగి వచ్చింది. ఆవిడ చెవులు అంత చిన్నవని సుజన అప్పుడే చూసింది. కళ్లజోడు తుడిచి ఇచ్చింది.

"తల సల్లగా ఉండాది. ఏడవద్దు, పా," అంది శకుంతలమ్మ. అలవాటు కొద్దీ జడ ముందుకు వేసుకోబోయి, చెయ్యి మధ్యలో ఆపి, ఆ చేత్తో కోడలి భుజం పట్టుకుంది.

చిత్తూరులో గుండు ఎందుకని అడిగిన ప్రతి ఒక్కరికీ ఆవిడ ఒకటే జవాబు చెప్పింది. "మా కోడలు పాలు తాగదు."