ఎవరైనా మార్చుకోదగిన శరీరశాస్త్రం

ఇకపై కాలేజీల్లో పాఠ్యపుస్తకాలు ఉండవనీ, నేరుగా జ్ఞానమే ఉంటుందనీ విద్యామంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. జ్ఞానానికీ విద్యార్థికీ మధ్య పుస్తకమనే దళారీ ఎందుకన్న ఆలోచన ఇంతకాలం ఏ మేధావికీ తట్టకపోవడం ఆశ్చర్యమే.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నర్సింగ్ కాలేజీలో శరీరశాస్త్రం చెప్పే మేడమ్. చాటుగా పిల్లలు ఆమెను కాలేయం మేడమ్ అంటారు. కాలేయం గురించి మొదలుపెడితే గంట కొట్టినా ఆపదు. లావుపాటి పుస్తకాలు కొనలేక పిల్లలు అక్షరాలు అలుక్కుపోయిన జిరాక్సులతో తంటాలు పడుతుంటే చూడలేక, తానే ఒక పుస్తకం రాసి నెట్‌లో పెట్టింది. ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, పంచుకోవచ్చు, అవసరమైతే మార్చుకోవచ్చు అని మొదటి పేజీలోనే మురిసిపోతూ రాసుకుంది. ఆ పుస్తకాన్నే ఇప్పుడు ప్రభుత్వం అన్ని నర్సింగ్ కాలేజీలకూ ఖాయం చేసింది. మంత్రిగారి పీఏ ఆమెకు సొంత తమ్ముడే.

మంత్రిగారు అంతటితో ఊరుకునే మనిషి కాదు. ఉచిత చదువు ఎంత సులువో లోకానికి చూపించడానికి మొదటి పరీక్ష తానే రాస్తానన్నారు. కెమెరాల ముందు కూర్చుని, అంతకుముందు పుస్తకాన్ని కన్నెత్తి కూడా చూడకుండా, అడిషనల్ షీట్లు అడిగి మరీ రాశారు.

ఆ పేపరు దిద్దే భాగ్యం మేడమ్‌కే దక్కింది. గుండె ఎక్కడ ఉండును అన్నదానికి ‘ప్రజల మధ్య’ అని ఉంది. మూత్రపిండాలు ఎన్ని అంటే ‘తగినన్ని’. వెన్నెముక ప్రత్యేకత ఏమి అంటే ‘అవసరాన్ని బట్టి వంగును’. దస్తూరి మాత్రం ముత్యాల్లా ఉంది. మేడమ్ దస్తూరికే రెండు మార్కులు వేసింది.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు వంటింట్లోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“మార్కులు మార్చమనడానికి రాలేదక్కా. అది నేరం. మంత్రిగారు అలాంటివి సహించరు.”

“మరెందుకొచ్చావు?”

“పుస్తకం మారిస్తే సరిపోతుంది. మార్చుకోవచ్చని నువ్వే రాశావుగా.”

మేడమ్ చేతిలో గరిటె ఆగిపోయింది. “గుండె ఎడమవైపు ఉంటుందిరా.”

“మన ప్రభుత్వ పుస్తకంలో గుండె ఎడమవైపు ఉందంటే వామపక్షాల వాళ్లు ఊరుకుంటారా అక్కా? పొత్తు ఎప్పుడు కుదిరిందని అడుగుతారు.”

గుండె ప్రజల మధ్య ఉంటుందని తన చేత్తో రాయనని ఆమె తెగేసి చెప్పింది. తమ్ముడికి కోపమేమీ రాలేదు. అక్కడే కూర్చుని, పాలు పొంగేలోపు ఫోన్లో తానే మార్చేశాడు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ పుస్తకం గొప్పతనమే అది.

అతను వెళ్లగానే మేడమ్ గుండెను మళ్లీ ఛాతీలో పెట్టింది. మధ్యాహ్నానికి అది తిరిగి ప్రజల్లోకి వెళ్లిపోయింది. సాయంత్రం వెనక్కి వచ్చింది. ఆ వారమంతా దేశంలో అంత తీరిక లేకుండా తిరిగిన అవయవం మరొకటి లేదు. చివరికి ఒక నిపుణుల కమిటీ వేశారు. కమిటీ మంత్రిగారి ప్రతిని ఆమోదించి, పుస్తకం ఎప్పటికీ అందరికీ తెరిచే ఉండాలన్న సదుద్దేశంతో ఇకపై ఎవరూ ముట్టుకోకుండా తాళం వేసింది. మంత్రిగారికి నూటికి నూరు వచ్చాయి.

తర్వాత పిల్లల పరీక్షలు వచ్చాయి. నిజం ఇదనీ, పరీక్షకు అదనీ మేడమ్ క్లాసులో గొంతు తగ్గించి చెప్పింది. చాలామంది పరీక్షకు కావలసిందే రాశారు. నలుగురైదుగురు మొండిపిల్లలు మాత్రం గుండె ఎడమవైపే అని రాసి, కింద బొమ్మ కూడా వేశారు. ఎంత చక్కటి బొమ్మలో. ఆమోదిత ప్రతి ప్రకారం మేడమ్ వాళ్లకు సున్నా వేసింది.

ఇంత ఘనవిజయం తర్వాత సన్మానం జరగకపోతే బాగోదు కాబట్టి, కాలేజీ ఆస్పత్రి ఆవరణలోనే ఏర్పాటు చేశారు. ప్రసంగం మంచి ఊపులో ఉండగా మంత్రిగారు ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. కార్యకర్తలు ఎత్తుకుని వార్డులోకి పరిగెత్తారు. వెనకే మేడమ్ కూడా పరిగెత్తింది. డాక్టర్లంతా ఫోటో కోసం వేదిక మీద వరసగా నిలబడి ఉన్నారు. వాళ్లు దిగేలోపు మంత్రిగారి కాన్వాయ్ ఆయన వెనకే వచ్చి వార్డు దారికి అడ్డంగా ఆగింది, డ్రైవర్లు భోజనాలకు వెళ్లారు.

వార్డులో డ్యూటీ మీద ఉన్న విద్యార్థిని ఏమాత్రం తొణకలేదు. స్టెతస్కోప్ చెవులకు పెట్టుకుంటూ, నొప్పి ఎక్కడని నిదానంగా అడిగింది.

“గుండెలో అమ్మా,” అన్నారు మంత్రిగారు.

ఆ అమ్మాయి వెంటనే మంచానికి వీపు తిప్పి, తలుపు దగ్గర గుమిగూడిన కార్యకర్తల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరి ఛాతీ మీదా స్టెతస్కోప్ ఆనించి శ్రద్ధగా వినడం మొదలుపెట్టింది. కంగారుపడొద్దనీ, ఎవరి దగ్గర ఉందో ఇప్పుడే దొరుకుతుందనీ అక్కణ్నుంచే ధైర్యం చెప్పింది.

మేడమ్ మంత్రిగారి మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది. ఆయన కాసేపు ఆ అమ్మాయినే గమనించారు.

“ఈ పిల్ల ఏ పుస్తకం చదివిందమ్మా?”

“మీదే సార్. మీ తర్వాత ఫస్టు ఈ అమ్మాయే.”

మంత్రిగారు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నారు. కార్యకర్తలకు వినపడకుండా మేడమ్‌ను దగ్గరికి వంగమని సైగ చేశారు.

“ఫెయిలైనవాళ్లు ఎవరైనా దగ్గర్లో ఉన్నారా?”