రోలర్లు తీయని నెరెయిదా

నెరెయిదా వంటింట్లో ఉల్లిపాయలు తురుముతోంది. కళ్ళ నీళ్ళు మోచేత్తో తుడుచుకుంటూనే, పొయ్యి మీద మరుగుతున్న రోజ్‌మేరీ ఆకుల్లో గుప్పెడు లవంగాలు వేసింది. మొదటి బేరం తలుపు తట్టేలోగా ఆ రసం తలకు పట్టించి, కడిగేసుకుని, జుట్టు ఉంగరాలు తిరగడానికి చుట్టే రోలర్లు పెట్టేసుకోవాలి. పొద్దుటికి ఆమె ఆలోచన అంతే.

బనీ ఊరి చివర ఆ వీధి ఆడవాళ్ళ జుట్టంతా ఆమె చేతుల మీదే నడుస్తుంది. ఇంటి ముందుగదే పార్లర్. అలాంటిది, డెంగీ జ్వరం తగ్గాక ఆమె జుట్టే దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా రావడం మొదలైంది. బట్టతల మనిషి చేతికి తల ఎవరు అప్పగిస్తారు? పార్లర్ మూతపడితే బతికేదెలా? ఆస్పత్రి డాక్టరు చూసి, "జ్వరానికి రాలింది, కొన్నాళ్ళకు అదే వస్తుంది, మందక్కర్లేదు" అన్నాడు. చీటీ కూడా రాయలేదు. చీటీ రాయని డాక్టరు మీద నెరెయిదాకు నమ్మకం కుదరలేదు. సొంత వైద్యానికి దిగింది.

పాత మేజోడు కత్తిరించి టోపీలా కుట్టుకుంది. దాని చుట్టూ రోలర్లు గుచ్చి, పైన రుమాలు కట్టింది. లోపల జుట్టుందో లేదో పైవాడికే తెలియాలి. ఆ తలతోనే రోజూ ఎలాదియో కిరాణా కొట్టుకు వెళ్ళి ఉల్లిపాయలు, రోజ్‌మేరీ, ఆముదం తెచ్చుకునేది.

ఒక్క సంగతి మరిచిపోయింది. ఆ ఊళ్ళో ఆడమనిషి పట్టపగలు రోలర్లతో వీధిలోకి వచ్చిందంటే సాయంత్రం ఏదో వేడుకుందని అర్థం. రోజూ రోలర్లతోనే కనబడిందంటే, ఆ వేడుక చిన్నది కాదని అర్థం.

"ఎక్కడికక్కా ఇవాళ?" పక్కింటి యుబెల్కిస్ గోడ మీంచి అడిగింది.

"ఎక్కడికీ లేదు."

"నిన్నా అదే అన్నావు. మొన్నా అదే."

"రేపూ అదే అంటా. వెళ్ళి పని చూసుకో."

యుబెల్కిస్ పని చూసుకుంది. విన్నది వీధికంతా చెప్పడమే ఆమె పని. ఇంత గుట్టుగా దాచే వేడుక పెళ్ళి కాక మరేమిటి? నెరెయిదా భర్త పోయి ఏళ్ళయింది. వరుడెవరంటే, రోజూ పొద్దున్నే ఆమె ఎవరి కొట్టుకు పోతోందో అందరూ చూస్తూనే ఉన్నారు. ఎలాదియో బ్రహ్మచారి. తల మీద వెంట్రుక లేదు, నోట్లో నాలుకా లేదు. ఏమడిగినా టోపీ సర్దుకుంటాడు. పెళ్ళి సంగతి అడిగారు. సర్దుకున్నాడు.

"చూశారా, కాదనలేదు!" అంది వీధికి పెద్దదిక్కు కసిల్దా. పెళ్ళి శనివారమేనని తేల్చిందీ ఆమే.

శనివారం నెరెయిదా తలుపు తీసేసరికి వచ్చింది బేరం కాదు, వీధి మొత్తం. ఒకరి చేతిలో కేకు, ఒకరి నెత్తిన కుర్చీలు, ఇంకొకరి చంకలో చికెన్ పులుసు గిన్నె. యుబెల్కిస్ దువ్వెన పట్టుకుని ముందు నిలబడింది.

"ఏమిటర్రా ఇదంతా?"

"నువ్వు చెప్పకపోతే మాకు తెలీదనుకున్నావా, దొంగా!"

"కూర్చోవే పిల్లా," అంది కసిల్దా. "నేను మంచం పట్టినప్పుడు ఇంటికొచ్చి నా తల చిక్కు తీసింది నువ్వే. మా పిల్లల పెళ్ళిళ్ళకు జడలేసిందీ నువ్వే. ఇవాళ నీ తల మాది."

"వద్దు పిన్నీ! నా తల మీద ఒట్టు, వద్దు!"

అప్పుడే గుమ్మంలోకి ఎలాదియో వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో పూలగుత్తి. వీధి చెప్పింది ఆయనా నమ్మినట్టుంది.

అంతా అటు చూస్తుండగానే కసిల్దా ఒక రోలరు పట్టుకుని లాగింది. కుండ మీది మూతలాగా రుమాలు, మేజోడు, రోలర్లు అన్నీ కలిసి ఊడి వచ్చాయి. నెరెయిదా రెండు చేతులతో తల కప్పుకుంది.

"అయిపోయింది. ఇంక నా దగ్గరికి ఎవరొస్తారు?" అని ఏడ్చేసింది.

"మా తలలు దువ్వేది నీ చేతులా, నీ జుట్టా?" కసిల్దా కసిరింది. "మూడో కాన్పుకి నాకూ ఇలాగే రాలింది. ఏడాదంతా టోపీతోనే చర్చికెళ్ళా. చేతులు తియ్." కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. "ఒసే, ఇదేమిటే? ఇటు రండర్రా! కోడిపిల్లకు నూగు వచ్చినట్టు!"

నెరెయిదా వేళ్ళతో తడుముకుంది. మెత్తగా తగిలింది.

"ఏం రాశావక్కా?" యుబెల్కిస్ ఎగిరి గంతేసింది.

"ఉల్లిరసం... రోజ్‌మేరీ కషాయం... అదిగో, పొయ్యి మీదుంది." డాక్టరు మాట గుర్తొచ్చింది గానీ, అప్పుడు చెప్పబుద్ధి కాలేదు. తెచ్చిన కేకు వంకా, అరువు కుర్చీల వంకా, తన తల చుట్టూ మూగిన ముఖాల వంకా చూసింది. "మీ అందరికీ... నేనేం చెప్పను..."

"ఏం చెప్పకు, కేకు కొయ్యి," అంది కసిల్దా. "పెళ్ళో, జుట్టో, ఏదో ఒకటి వచ్చింది కదా."

అప్పుడు గుర్తొచ్చి అందరూ గుమ్మం వైపు తిరిగారు. నెరెయిదా ముఖం ఎర్రబడింది. "ఎలాదియో గారూ, మీకు వీళ్ళేం చెప్పారో గానీ..."

ఎలాదియో టోపీ తీశాడు. పూలగుత్తి ఆమె ఒళ్ళో పెట్టాడు. తిన్నగా వంటింట్లోకి నడిచి, చల్లారిన కషాయం గిన్నె చంకన పెట్టుకుని, ఒక్క మాటయినా అనకుండా ఇల్లు దాటి వెళ్ళిపోయాడు.

ముహూర్తం ఆయనకు జుట్టు మొలిచాకేనని వీధి కేకు తింటూ తీర్మానించింది.