రెండువందల ఇరవై రెండు గజాల చోరీ

"ఈ సింగపూర్‌ల ఇంకా నేరాలు జరుగుతున్నయంటే కారణం ఒక్కటే, రవీంద్రన్ భాయ్. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాక నేను ఉద్యోగం చేస్తున్న. ఆ తొమ్మిది గంటలు నేరస్థులకు పండగ!"

తాహెర్ ఈ మహావాక్యం పలికింది ఎక్స్‌పో స్టేషన్ ఎస్కలేటర్ మీద. నడిచి వెళ్ళేవాళ్ళకు వదలాల్సిన కుడి పక్కన నిలబడి, వెనక ఇరవై మందిని ఆపేసి మరీ పలికాడు. ఆ ఇరవై మందికీ సారీ చెప్పింది నేను.

తాహెర్‌ది హైదరాబాద్ మలక్‌పేట. నేను మలేషియాలో బాగన్ డాటోలో పుట్టిన తెలుగువాణ్ణి. ఒకే ఫ్లాట్‌లో ఉంటాం, ఒకే ఆఫీసులో పనిచేస్తాం. ఏ జన్మలో చేసుకున్న పాపమో నాకు తెలియదు. తను పుట్టు డిటెక్టివ్‌నని అతని గట్టి నమ్మకం. ఇప్పటి వరకు ఛేదించిన కేసులు రెండు. మొదటిది, మాయమైన మా కుక్కర్ విజిల్. సింకులో దొరికింది, అదీ నాకే. రెండోది, పై అంతస్తు సరోజిని ఆంటీ బట్టలను రోజూ కింద పడేస్తున్న అజ్ఞాత వ్యక్తి. మూడు వారాలు కాపు కాశాక తేలింది, గాలి.

మా ఆఫీసు చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉంది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ పాత రికార్డులను కంప్యూటర్లలోకి ఎక్కించడం అక్కడి పని. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నేది కాదు. బంతిని చంకలో ఇరికించుకుని, మీదికొచ్చే భారీ శాల్తీలను తప్పించుకుంటూ పరిగెత్తే ఆట. అలా పరిగెత్తేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. సీజన్ మొత్తంలో ఎన్ని గజాలు పరిగెత్తాడన్నదే అతని గొప్ప. మా ఆఫీసులో ఉన్న పన్నెండు మందిలో ఈ ఆట చూసినవాడు ఒక్కడూ లేడు. చూడక్కర్లేదని మా మేనేజర్ ఈశ్వరరావు గారి సిద్ధాంతం. పాత పుస్తకాలను స్కాన్ చేసి, అంకెలున్న గడులను మాత్రం కోసి, తలా కాసిని పంచుతారు. ఎవరి గడి వాళ్ళు టైపు చేస్తారు. పుస్తకం మాత్రం ఎవరూ చదవరు. ఆయన దీన్ని ఎఫిషియెన్సీ అంటారు, మేం జీతం వస్తుందని ఊరుకుంటాం.

టైపు చేసిన ఎంట్రీల లెక్క గోడ మీద పెద్ద తెరపై వెలుగుతూ ఉంటుంది. అందరికంటే పైన తాహెర్, నలభై ఎనిమిది వేలు, పేరు పక్కన బంగారు నక్షత్రం. మధ్యలో ఎక్కడో ఫహద్, ఇరవై ఎనిమిది వేలు. అట్టడుగున అలేఖ్య, ఇరవై రెండున్నర వేలు. ఎవరు ఎప్పుడు చేరారన్నది ఆ తెర మీద ఉండదు. ఫహద్, అలేఖ్య ఇద్దరూ కాంట్రాక్టు మీద ఉన్నారు. పర్మనెంట్ సీటు ఒక్కటే ఉంది. అది రానివాళ్ళు వర్క్ పాస్ వదులుకుని విమానం ఎక్కాల్సిందే.

గురువారం మధ్యాహ్నం ఈశ్వరరావు గారు అలేఖ్యను పిలిచారు. అన్ని కాలాల్లోకీ గొప్ప రన్నింగ్ బ్యాక్ సీజన్ ఏదో తేల్చే పట్టిక మర్నాడు అమెరికా క్లయింటుకు చూపించాలి.

"ఏమ్మా, 1988లో ఈ ఒక్లహోమా కుర్రాడికి 2,628 గజాలని వేశావు. క్లయింటు పంపిన పేపర్ కటింగులో 2,850 అని ఉంది. మిగతా రెండువందల ఇరవై రెండూ ఏవీ?"

"స్కాన్‌లో ఉన్నదే కొట్టాను సార్."

"అంటే గజాలు వాటంతటవే నడిచి వెళ్ళిపోయాయా? రేపు పదింటికి కాల్. అప్పటికి జవాబు చెప్పలేకపోతే ఆ సీటు ఫహద్‌కి ఇచ్చేస్తాను."

అలేఖ్య ప్యాంట్రీకి వచ్చి నా ముందు కూలబడింది. "కాకినాడలో మంచి ఉద్యోగం మానేసి వచ్చానండీ. తొమ్మిది నెలలుగా తల ఎత్తకుండా కొడుతున్నాను. ఓడిపోయి వెళ్ళినా బాధపడను గానీ, అంకెలు మింగేసిందన్న పేరుతో ఎలా వెళ్ళను?"

నేను ఏదో అనబోయేలోపు ఫ్రిజ్ తలుపు వెనక నుంచి తాహెర్ తల బయటికొచ్చింది.

"అలేఖ్యమ్మా, కన్నీళ్ళు తుడుచుకో. ఈ కేసు తాహెర్ తీసుకున్నడు."

ఆమె అప్పుడు నిజంగానే ఏడ్చింది.

దర్యాప్తు మొదలైంది. వేలిముద్రల కోసం అలేఖ్య కీబోర్డు మీద అర డబ్బా టాల్కమ్ పౌడర్ చల్లాడు. మల్లెపువ్వుల వాసన తప్ప ఏమీ దొరకలేదు. ఎన్, ఎమ్ అక్షరాలు పనిచేయడం మానేశాయి. ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసేది నేనే కాబట్టి ఆ నేరానికి శిక్ష నాకు పడింది. నేను స్క్రూలు విప్పుతుంటే తాహెర్ చెవిలో గుసగుసగా తన సిద్ధాంతం వినిపించాడు.

"ఇది పగ, భాయ్! 2024ల ఐడహో పిలగాడు ఎంత ఉరికిండు? 2,601. ఆ 2,628 రికార్డుకు ఎంత తక్కువ? ఇరవై ఏడు. ఇరవై ఏడే! ఆని మనుషులెవరో పాత లెక్కను కొంచెం కొంచెం కోసుకుంట వస్తున్నరు. ఇంకో ఇరవై ఎనిమిది కోస్తే ఖేల్ ఖతం. మనం టైముకొచ్చినం."

"ఐడహోవాళ్ళు చాంగీ దాకా వచ్చి కోశారా?"

"రాలే. మనిషిని పెట్టుకున్నరు. అలేఖ్య పోతే సీటెవనికి? ఫహద్‌కి! సమజైందా?"

నాకు తలనొప్పి వచ్చింది. ఈశ్వరరావు గారి అద్దాల బీరువాలో అందం కోసం పెట్టిన 1989 నాటి రికార్డు పుస్తకాన్ని తాహెర్ సాక్ష్యం పేరిట చంకన పెట్టుకున్నాడు. ఆరు కాగానే ఫహద్ వెంట పడ్డాం. రైల్లో తాహెర్ ఆ పుస్తకాన్ని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పుస్తకం తలకిందులుగా ఉంది.

"తాహెర్ భాయ్, సలామ్! ఎక్కడికి?" పెట్టె అటు చివర నుంచి ఫహద్ చెయ్యి ఊపాడు.

"మనల్ని గుర్తుపట్టలే," అన్నాడు తాహెర్ నాతో.

ఫహద్ పాయా లేబర్‌లో దిగి, ఒక ప్రింటింగ్ షాపులోకి వెళ్ళాడు. తాహెర్ కళ్ళు మెరిశాయి. "దొంగ పత్రాలు!"

ఎదురుగా తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉన్న హాకర్ సెంటర్‌లో కూర్చుంటే షాపు గుమ్మం కనిపిస్తుంది. కానీ అది భోజనాల వేళ. ఖాళీగా కనిపించిన ప్రతి టేబుల్ మీదా ఎవరో ఒకరు టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసి వెళ్ళారు. ప్యాకెట్ పడిందంటే ఆ చోటు వాళ్ళదే, ఈ ఊళ్ళో దానికి కోర్టు పత్రమంత విలువ. ఒక టేబుల్ మాత్రం ఖాళీగా దొరికింది. మా దగ్గర టిష్యూ లేదు. తాహెర్ ఆ రికార్డు పుస్తకాన్నే టేబుల్ మీద పెట్టి, స్తంభం చాటుకు నిఘాకు వెళ్ళిపోయాడు. నేను తే తారిక్ టీ కోసం వరుసలో నిలబడ్డాను.

గ్లాసులతో తిరిగొచ్చేసరికి ఒక పెద్దాయన మా టేబుల్ దగ్గర కూర్చుని దోసె తింటూ, పుస్తకం తెరిచి హాయిగా చదువుకుంటున్నాడు. తాహెర్ స్తంభం దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"అంకుల్! గది మేం చోప్ చేసినం!"

"టిష్యూ పెడితే చోప్, తంబీ. పుస్తకం పెడితే లైబ్రరీ," అన్నాడాయన, తెలుగులోనే.

నాకు నవ్వొచ్చింది. ఆయన పేరు పరశురాముడు. ఆయనదీ నాలాగే మలేషియా నుంచి దిగొచ్చిన తెలుగు కుటుంబం. ముప్పై ఏళ్ళు ఒక ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్ది రిటైరయ్యాడు. ఫహద్ ఇంకా బయటికి రాలేదని తాహెర్ మళ్ళీ నిఘాకు పోయాడు. నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఈ ఆట ఏంటో నాకేమీ తెలీదప్పా," అన్నాడాయన. "అయినా అలవాటు పోదు. పేజీ తెరిస్తే ముందు అడుగున ఉన్న చిన్నక్షరాలే చూస్తాను. పెద్దక్షరాలు అందరూ చదువుతారు కదా. ఇక్కడ 2,628 పక్కన చుక్క పెట్టాడు, చూడు. కింద ఏం రాశాడు? బౌల్ ఆటలో పరిగెత్తింది ఇందులో కలపలేదంట. అయ్యో అలామక్, ఎవడో పాపం ఆడిన ఆటని లెక్కలోంచి తీసేశాడు!"

నేను గ్లాసు కింద పెట్టేశాను. పుస్తకం లాక్కుని చూశాను. ఆ చుక్క నిజంగానే ఉంది. మేం గడిని కోసినప్పుడు చుక్క, కింది మాట రెండూ తెగిపోయాయి. ఫోన్ తీసి వెతికాను. సీజన్ అయ్యాక ఆడే బౌల్ మ్యాచ్‌ను ఆ రోజుల్లో సీజన్ లెక్కలో కలిపేవారు కాదట. 2002 నుంచే కలపడం మొదలుపెట్టారట. ఒక్లహోమా కుర్రాడు ఆ ఏడు బౌల్‌లో పరిగెత్తింది సరిగ్గా రెండువందల ఇరవై రెండు గజాలు. అంటే రెండు అంకెలూ నిజమే. దొంగ ఎవరూ లేరు.

సంతోషం పట్టలేక పరశురాముడు గారికి ఇంకో దోసె తెప్పించి, వెంటనే అలేఖ్యకు ఫోన్ చేశాను.

సరిగ్గా అప్పుడే వీధి అవతల "చేతులు పైకెత్తు!" అని తాహెర్ కేక వినిపించింది. ఫహద్ అదిరిపడ్డాడు. చేతిలోని కాగితాలు ఫుట్‌పాత్ నిండా పడ్డాయి. అన్నీ అతని బయోడేటాలే, ముప్పై కాపీలు.

"వేరే ఉద్యోగం వెతుక్కుంటున్న, తాహెర్ భాయ్," అన్నాడు ఫహద్ వంగి ఏరుకుంటూ. "సార్ ఏమన్నా అననీ. అలేఖ్య చేతి స్పీడు నాకు తెలుసు. న్యాయంగా ఆ సీటు ఆమెదే."

తాహెర్ ఒక్క క్షణం కూడా తడబడలేదు. నేను రోడ్డు దాటి వెళ్ళి చుక్క సంగతి చెబితే విని, గడ్డం నిమురుకున్నాడు. "అందుకే పుస్తకం టేబుల్ మీద పెట్టిన, భాయ్. అది ఎర. పెద్దాయన తగులుకున్నడు."

శుక్రవారం పదింటికి అమెరికా క్లయింటు ఆవిడ గోడ మీది తెరపై ప్రత్యక్షమైంది. మేమంతా మా సీట్లలోనే ఉన్నాం. అలేఖ్య లేచి వివరంగా చెప్పింది. 1988 కుర్రాడి 2,628 పదకొండు ఆటల్లో చేసినవి. 2024 కుర్రాడి 2,601 బౌల్‌తో సహా పద్నాలుగు ఆటల్లో చేసినవి. ఆటకు సగటు తీస్తే పాతవాడికి దాదాపు రెండువందల ముప్పై తొమ్మిది, కొత్తవాడికి నూట ఎనభై ఆరు.

క్లయింటు ముచ్చటపడింది. ఈశ్వరరావు గారు అలేఖ్యకు అడ్డంగా వచ్చి నిలబడి, టై సర్దుకున్నారు.

"మా సంస్థలో మొదటి నుంచీ ఇదే పద్ధతి మేడమ్. ఒకడు తక్కువ ఆడాడు, ఒకడు ఎక్కువ ఆడాడు. అలాంటప్పుడు మొత్తాలు పోల్చి ఫలానావాడు గొప్ప అనడం శుద్ధ మూర్ఖత్వం కదండీ!"

"సార్," అంది అలేఖ్య. ఆయన పక్క నుంచి ముందుకొచ్చి, క్లయింటుకూ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే అడిగింది. "మరి మన గోడ మీద పట్టిక?"

"పట్టికకేమైంది?"

"నేను చేరి తొమ్మిది నెలలు సార్. ఫహద్ గారు చేరి పద్నాలుగు. అందులో మొత్తాలే వేశారు కదండీ."

ఈశ్వరరావు గారు నవ్వబోయారు, కుదరలేదు. తెర మీద క్లయింటు ముందుకు వంగి, ఆ మాట బాగుంది, ఆ పట్టిక కూడా చూపించండి అంది. ఆయన నాకేసి గుర్రుగా చూస్తూ, "నెలలతో భాగించవయ్యా," అన్నారు.

నేను ఇంత ఇష్టంగా ఒక బటన్ ఎప్పుడూ నొక్కలేదు. పేర్లన్నీ తెర మీద పైకీ కిందికీ జరిగాయి. అలేఖ్య, నెలకు రెండువేల అయిదువందలు, మొట్టమొదట. ఆ వెనకే ఫహద్, రెండువేలు. బంగారు నక్షత్రం మాత్రం ఒక్కో మెట్టూ దిగుతూ దిగుతూ అడుగుకు చేరింది. తాహెర్, నాలుగేళ్ళు, నెలకు వెయ్యి.

"అలేఖ్యా, సీటు నీదమ్మా," అన్నారు ఈశ్వరరావు గారు. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఫహద్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. ఈశ్వరరావు గారి చూపు మాత్రం పట్టిక అడుగునే ఆగిపోయింది. "ఒక్క సీటే ఖాళీ ఉందనుకున్నాను. ఇంకోటి నాలుగేళ్ళుగా ఖాళీగానే ఉన్నట్టుందే. ఫహద్, లంచ్ అయ్యాక ఒకసారి నా రూమ్‌కి రా."

అందరూ తలలు దించుకున్నారు. నాకు మొదటిసారి తాహెర్ మీద జాలి వేసింది. భుజం మీద చెయ్యి వేద్దామని లేచాను. ఈలోగా అతనే కుర్చీ చక్రాల మీద జరుక్కుంటూ నా దగ్గరికొచ్చి, మోచేత్తో పొడిచాడు.

"విన్నవా భాయ్? ఇంకో సీటు ఖాళీ ఉందంట! నాలుగేళ్ళ సంది ఒక్కడు కనిపెట్టలే. అదెవనిదో సాయంత్రంలోపు నేను చెప్త, చూడు."