సిద్దమ్మను కూర్చోబెట్టిన నేరం

విత్తనాల కంపెనీ పెద్దమనుషులారా! నా ఆరోపణ మీ మీదే. డొంకతిరుగుడు మాటలు నాకు చేతకావు, ముఖం మీదే చెప్తా. సముద్రం నడిమధ్యన, ఓడలో, ఒక కూలి ఆడమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి అన్నం పెట్టినారు. ఇప్పుడు ఆదోనిలో, ఒక పెళ్ళి హాల్లో, ఆమె కుర్చీ వేసుకుని కూర్చుంది. లేవమంటే లేవడం లేదు. దీనికి బాధ్యులు మీరు కాదా?

నేను బఫే మనిషిని. దాచుకునేది లేదు. మనిషి నిలబడి తినడానికే పుట్టినాడని నా గట్టి నమ్మకం. ఎద్దు నిలబడి తినడం లేదా? ఏనాడన్నా ఏ ఎద్దన్నా "నాకు పెరుగు మరిచిపోయినారు" అని అలిగి పెళ్ళిలోంచి వెళ్ళిపోయిందా? అలిగేది ఎప్పుడూ కూర్చున్నోడే! నిలబడినోడు అలిగితే మాత్రం ఎవరికి తెలుస్తుంది? ముందే నిలబడి ఉన్నాడాయె!

బఫే లాభాలు చెప్తూ పోతే పేపరు చాలదు. ఎడమ చేతిలో కంచం, కుడి చేతిలో చెంచా, చంకలో చదివింపుల కవరు, మోచేతికి వేలాడే మనవరాలు. ఈ కసరత్తు నేర్పే జిమ్ము కర్నూలులో ఉందా? సాంబారు వాలు చూసుకుని పారి జాంగ్రీని కలుసుకుంటుంది. దాని మీద ఐస్‌క్రీం కరుగుతుంది. ఏ వంటమాస్టరు కనిపెట్టగలడప్పా ఆ రుచిని! చేతులు రెండూ ఖాళీ లేవు కాబట్టి వియ్యంకుల కొట్లాటలు కూడా తగ్గినాయి.

అన్నిటికంటే పెద్ద లాభం ఇంకొకటుంది. ఎవరూ ఎవరికీ వడ్డించే పని లేదు. పెళ్ళివాళ్ళు గేటు దగ్గర నిలబడి "భోంచేసి పోండి" అని నవ్వితే వాళ్ళ పని అయిపాయ. తిన్నారా, తినలేదా, ఎవరికి కావాలి?

సమానత్వం సంగతి చూస్తే ఇంకా గొప్ప. పాత పంక్తులు నేను చూసినోణ్ణే. ఎవరిది ముందు పంక్తో, ఎవరిది ఆఖరి పంక్తో, ఎవరికి గోడ అవతల ఆకేస్తారో, ఆ లెక్క మనిషి పుట్టకముందే తేలిపోయేది. ఆ పంక్తుల్ని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకునే పిచ్చి నాకు లేదు. బఫే వచ్చి ఆ గోడను పడగొట్టింది. ఇప్పుడు ఎవరి పక్కనైనా ఎవరైనా నిలబడి తినొచ్చు. బల్లకు ఇవతల! బల్లకు అవతల గరిట పట్టుకుని నిలబడినోళ్ళ సంగతి మాత్రం అడక్కండి. అది వేరే.

ఆ వేరే సంగతి పేరే సిద్దమ్మ.

పుట్టింది కన్నడ సరిహద్దు హొళగుందలో, కాపురం గోనెగండ్లలో. మొగుడు జయన్న నాలుగు చెక్కల పొలం కౌలుకు తీసుకుని పత్తి వేస్తాడు. పొలం పని లేనప్పుడు సిద్దమ్మ ఎమ్మిగనూరు, ఆదోని పెళ్ళి హాళ్ళలో వడ్డించే పనికి పోతుంది. తలకు ప్లాస్టిక్ టోపీ, చేతులకు ప్లాస్టిక్ తొడుగులు, చేతిలో గరిట. ఇంట్లోనూ గరిట ఆమెదే. ఉరుకుంద ఈరన్న జాతరకు పోయినా బంధువులందరికీ పెట్టి, గిన్నె అడుగు గీరుకుని తినేది ఆమే.

ఇంత గరిట తిప్పిన మనిషికి ఒక పిచ్చి కోరిక ఉండేది. ఎవరన్నా దగ్గరికొచ్చి "ఇంకొంచెం ఏసుకో" అనాలి. తను ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "సాలు సాలు" అనాలి. అంతే! ఆ "సాలు" అనే మాట జనం ఆమెతో అన్నారే గాని, ఆమె ఎవరితోనూ అన్నది లేదు. అనాలంటే ముందు ఎవరన్నా వెయ్యబోవాలి కదా!

నన్నడిగితే ఆ కోరికను అట్లే తుంచేసి ఉండేవాణ్ణి. కానీ కంపెనీవాళ్ళు ఊరుకుంటారా?

ఆదోనిలో దామోదరం సావుకారికి విత్తనాలు, పురుగుమందుల అంగడి. ఎక్కువ అమ్మిన డీలర్లను కంపెనీ ఓడలో తిప్పుకొస్తుంది. ఈసారి ఒక కొత్త తిక్క తోచింది వాళ్ళకు. ఒక్కో డీలరు ఒక్కో ఆదర్శ రైతు జంటను వెంట తేవాలంట. ఫోటోల్లో నిలబెట్టడానికి! దామోదరానికి జయన్న గుర్తొచ్చినాడు. ఆ ఏడు అందరికంటే ఎక్కువ మందు కొట్టినోడు జయన్నే మరి. పురుగు చచ్చిందా అని అడక్కండి. టార్గెట్ నిండింది.

అట్లా దామోదరం, ఆయన భార్య రాజేశ్వరి, జయన్న, సిద్దమ్మ ఆదోనిలో బొంబాయి రైలెక్కినారు. బొంబాయిలో ఓడెక్కినారు. ఓడంటే ఏమనుకున్నారు? మన మార్కెట్ యార్డు, దాని నెత్తిన ఇంకో మార్కెట్ యార్డు, దాని నెత్తిన ఇంకోటి. దూది లేదు, హమాలీలు లేరు, అంతే తేడా.

ఆ ఓడలో తిండికి రెండు చోట్లు. పై అంతస్తులో బఫే. కింద అంతస్తులో కుర్చీలు, తెల్లగుడ్డలు, వడ్డించే మనుషులు. ఏది కావాలంటే అది. కింద తినాలంటే మగాళ్ళకు మాత్రం పంచె కుదరదు, ప్యాంటు వేసుకోవాలి.

బుద్ధిమంతుడు కాబట్టి దామోదరం కంచం పట్టుకుని పైకి పరుగెత్తినాడు. కంపెనీ తిండి, వదిలితే పాపం! మెట్ల మీంచే కేక వేసినాడు.

"సిద్దమ్మా, పైకి రా! ఎంత కావల్లంటే అంత ఏసుకోవచ్చు. అడిగేటోడు లేడు!"

"అదే గద సావుకారీ నా బాధ. అడిగేటోడు లేడు."

జయన్నకు తల తిరిగింది. "ఏమే, పైన కోడి ఉందంట, చేప ఉందంట. కింద ఏముందే? చెంచాలు! చెంచాలు తింటావా?"

"నాకు కుర్చీ కావల్ల."

"కుర్చీ తింటావా?"

"నువ్వు పైకి పో. నేనొక్కదాన్నే కూసుంటా."

సముద్రం మధ్యలో పెళ్ళాన్ని ఒక్కదాన్నే ఎట్లా వదిలేది? జయన్న ఒప్పుకున్నాడు. ప్యాంటు యాడిది? దామోదరం తన ప్యాంటు ఇచ్చినాడు. ఆ నడుములో జయన్నలాంటోళ్ళు ఇద్దరు పడతారు. రాజేశ్వరి తన గదిలో కెటిల్ నీళ్ళతో బొరుగులు నానబెట్టి, పుట్నాలపొడి చల్లి ఉగ్గాణి కలుపుకుంటా ఉంది. "ఓడ బొంబాయిదైతే నాకేం, కడుపు ఆదోనిదే" అనేది ఆమె సిద్ధాంతం. బొరుగుల సంచి మూతికి కట్టిన పురికొస విప్పి ఇచ్చింది. జయన్న దాన్ని నడుముకు బిగించినాడు. తన ప్యాంటు ఏమైపోతుందో అని దామోదరమూ, మొగుడు ఏం తింటాడో అని రాజేశ్వరీ వెంటే కిందికి దిగినారు.

నలుగురూ ఒకే బల్ల. సిద్దమ్మ కుర్చీలో ముందుకు జరిగి, వెనక్కి జరిగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. నల్లకోటు వేసుకున్న బట్టతల పెద్దమనిషి ఒకాయన వచ్చి, వంగి దండం పెట్టి, నాలుగు గిన్నెల్లో సూపు పోసి వెళ్ళినాడు.

ఇంక చూడండి కూర్చోవడంలో ఉన్న ప్రమాదం!

మన పక్క ఆకు ముందర కూర్చున్నోడు ఏం చేస్తాడు? ఉప్పు మొదలు తీపి దాకా అన్నీ పడాలి. పంక్తి చివరి మనిషికి కూడా అన్నం పడాలి. పెద్దోళ్ళు "ఇంక కానీయండి" అనాలి. అప్పుడే చెయ్యి ఆకులోకి పోతుంది. ముందే చెయ్యి పెట్టినోణ్ణి ఊరు ఊరంతా చెప్పుకుంటుంది. కాబట్టి నలుగురూ చేతులు కట్టుకుని మిగతా వంటల కోసం కూర్చున్నారు.

ఆ బట్టతలాయన పద్ధతి వేరు. సూపు గిన్నె ఖాళీ అయితేనే రెండోది తెస్తాడు. ఆయనకు ఓడలో నేర్పింది అదే. కాబట్టి ఆయన చేతులు కట్టుకుని సూపు అయిపోయేదాకా నిలబడినాడు.

వీళ్ళు ఆయన కోసం. ఆయన వీళ్ళ కోసం.

"ఈ చారు ముందే పోసినాడేంది? అన్నం యాడ?" అన్నది రాజేశ్వరి.

"ఉడుకుతాండాదేమోలే" అన్నాడు దామోదరం.

బట్టతలాయన వచ్చి, నిండు గిన్నెలు చూసి, ఇంగ్లీషులో ఏదో అడిగినాడు. దామోదరం "ఎస్, ఎస్" అన్నాడు. ఆయన దండం పెట్టి వెనక్కి పోయినాడు. మళ్ళీ వచ్చినాడు. మళ్ళీ "ఎస్". మళ్ళీ దండం. తర్వాత ఆయన పైవాడు వచ్చినాడు. ఆయన తర్వాత నెత్తిన పొడుగు టోపీతో వంటమాస్టరే వచ్చి, సూపులో తనే చెంచా ముంచి రుచి చూసుకుని, బిక్కముఖం వేసుకుని పోయినాడు. పక్క బల్లలవాళ్ళు ఐస్‌క్రీం కూడా నాకేసి లేచిపోతా ఉన్నారు. సూపు మీద మీగడ కట్టింది.

"పైన కోడి ఉండె" అన్నాడు జయన్న, ఎవరో పోయినట్టు.

అంతలో పైన బఫే మూసేసినారని తెలిసింది. కోడి కూడా లేదు ఇంక.

సిద్దమ్మకు గుండె జారిపోయింది. ఆకలికి కాదు. పుట్టి బుద్ధెరిగినాక ఒక్కసారి కూర్చుంటే, ఈ పూట కూడా "సాలు" అనే యోగం తప్పిపోయేటట్టుంది. దిగులు ముంచుకొస్తే ఆమె నోట పుట్టింటి కన్నడమే వస్తుంది. "ఊట యావాగ కొడ్తీరప్పా?" అనేసింది. అన్నం ఎప్పుడు పెడ్తారప్పా అని.

బట్టతలాయన ఎగిరిపడినాడు. ఆయనది మంగళూరంట! నల్లకోటు, ఇంగ్లీషు అన్నీ పక్కన పడేసి, కన్నడంలో ఆమె మీదికే వచ్చినాడు. "నువ్వు తింటే కదమ్మా తెచ్చేది!"

"నువ్వు తెస్తే కదప్పా తినేది!"

అంతసేపు పట్టిన బిగువు ఆ రెండు మాటలతో వదిలింది. ఆయన నవ్వు ఆపుకోలేక లోపలికి పోయి, వంటలన్నీ ఒక్కసారిగా మోసుకొచ్చి బల్ల నింపేసినాడు. తన ఊళ్ళో పెద్దాయన లాగా "ఇంక కానీయండి" అని కూడా అన్నాడు. నలుగురూ తిన్నారు. తినడం చివరికొచ్చినాక ఆయన మెత్తటి తీపి గిన్నె ఒకటి పట్టుకుని సిద్దమ్మ పక్కకొచ్చి వంగినాడు.

"ఇన్నూ స్వల్ప హాకలా అమ్మా?"

ఇంకొంచెం వెయ్యనా అమ్మా అని!

సిద్దమ్మ ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టింది. గొంతు సవరించుకుంది. "సాలు సాలు" అన్నది.

ఆయన వెంటనే దండం పెట్టి గిన్నె తీసుకుని వెళ్ళిపోయినాడు!

ఓడ పద్ధతి అంతేనంట. వద్దంటే వద్దే. సిద్దమ్మ ఆ పెద్దమనిషిని కేకేసి వెనక్కి పిలిచింది. "ఒకసారి సాలంటే పోతావేమప్పా? నీకు వడ్డించేది నేర్పినోడెవడు? నేను సాలంటా. నువ్వు ఎయ్యల్ల. మళ్ళా సాలంటా. అప్పుడూ ఎయ్యల్ల. చెయ్యి అడ్డం పెడ్తా. ఏళ్ళ సందులోంచి ఎయ్యల్ల. నేను తిట్టల్ల. అప్పుడు పోవల్ల నువ్వు."

మంగళూరాయన బుద్ధిగా విన్నాడు. గరిట ముంచినాడు. "సాలు" అన్నది. వేసినాడు. "సాలప్పా, సాలు!" అన్నది. వేసినాడు. చెయ్యి అడ్డం పెట్టింది. ఆ తీపి ఆమె వేళ్ళ మీద పడి, సందుల్లోంచి జారి, మణికట్టు మీది గాజుల దాకా పారింది. "నీ చేతులు పడిపోనూ, సాలంటే ఇనవేమప్పా!" అని తిట్టింది. జయన్న బిత్తరపోయి చూసినాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె ముఖంలో అంత కులుకు అతను చూసి ఉండలేదు.

చూసినారా కంపెనీవాళ్ళూ, మీరు చేసిన పని!

ఇప్పుడు ఆదోనికి రండి. దామోదరం కూతురు కన్యక పెళ్ళి. క్రూయిజ్ స్టయిల్ బఫే పెట్టించినాడు. అట్టముక్కలతో ఓడ, ఓడ చుట్టూ బల్లలు, ఎంత కావాలంటే అంత, అడిగేటోడు లేడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బల్లకు అవతల టోపీ, తొడుగులు వేసుకుని సిద్దమ్మ.

ఆమె ఊరికే గరిట పట్టుకుని నిలబడిందా? లేదే! వచ్చినోళ్ళనంతా "ఇంకొంచెం ఏసుకోన్నా, ఏసుకోక్కా" అని వెంటపడింది. క్యాటరింగ్ మేనేజరు వచ్చి గదిమినాడు. "అడగద్దమ్మా! ఎవరికి కావాల్సింది వాళ్ళు ఏసుకుంటారు. లైను ఆగిపోతాండాది!"

జనం తిని వెళ్ళినాక అదే మేనేజరు మళ్ళీ వచ్చినాడు. "పోయి వెనకాల గిన్నెల కాడ ఏదన్నా తినేసి రా, తొందరగా. బల్లలు మడవల్ల."

సిద్దమ్మ టోపీ తీసింది. తొడుగులు తీసింది. వెనక్కి పోలేదు. వెల్వెట్ గుడ్డ కట్టిన కుర్చీ ఒకటి లాక్కుని, హాలు నడిమధ్యన అట్ట ఓడ ముందర వేసుకుని కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుంది.

"ఏసేటోళ్ళు ఎయ్యండి" అన్నది.

మేనేజరు క్యాటరింగ్ ఓనరు వైపు చూసినాడు. ఓనరు దామోదరం వైపు చూసినాడు. దామోదరం తాంబూలాల సంచుల వైపు చూసినాడు. కుర్చీలు ఎత్తుకెళ్ళే షామియానావాళ్ళు వచ్చి, మిగతావన్నీ ఎత్తేసి, ఆ ఒక్క కుర్చీ చుట్టూ నిలబడినారు. "అమ్మా, లెయ్యి" అన్నారు. "తిన్నాక" అన్నది. జయన్న వచ్చి తన కండువా విప్పి ఆమె ముందరి బల్ల మీద ఆకు వేసే చోటు తుడిచినాడు. తర్వాత ఏం చెయ్యాలో వాడికీ తెలియలేదు. ఆ ఇంట్లో వాడెప్పుడన్నా గరిట పట్టింటే కదా!

ఈ ముక్కలు ఆ హాల్లోనే, పెళ్ళిపత్రిక వెనకాల రాస్తున్నా. ఎన్ని రాసినా ఒక సంగతి నాకు మింగుడు పడడం లేదు. నేను ఇంతసేపు పొగిడిన బఫేలో ఎవరూ ఎవరికీ వడ్డించనక్కరలేదని కదా చెప్పినా? అబద్ధం. వడ్డిస్తానే ఉన్నారు. వడ్డించినోళ్ళకు వడ్డించేటోడే లేడు! పాత పంక్తిలో గోడ అవతల ఆకు వేసినారు. కొత్త బఫేలో ఆ ఆకు కూడా ఎత్తేసి, గిన్నెల కాడికి పొమ్మన్నారు. గోడ పడిపోయిందని గంతులేసిన నాకే చెంప పగలగొట్టల్ల!

ఏయ్ దామోదరం సావుకారీ! తాంబూలాల సంచులు కింద పెట్టు. జయన్నా, నువ్వూ రా. ఆకు వెయ్యండి. వేడి అన్నం తెప్పించండి, అడుగున గీరింది కాదు. ఇప్పుడే, ఈ హాల్లోనే, నీ చేత్తో గరిట పట్టి వడ్డించు. రేపటి నుంచి ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఏ పెళ్ళిలో అయినా వండినోళ్ళకు, వడ్డించినోళ్ళకు తొలి పంక్తి వెయ్యండి. పెళ్ళివాళ్ళే వడ్డించండి. మిగతావాళ్ళం నిలబడి తింటాం, మాకు అలవాటే!

ఊఁ, కానీయ్ సావుకారీ. గరిట ముంచు. ఆమె సాలంటుంది.

నమ్మొద్దు. వెయ్యి.