మూడు సెంటీమీటర్ల ఆదా

సర్వేయరు గారి మీద ఇల్లాలికి ఉన్న ఫిర్యాదు చాలా చిన్నది. ఆయన తాగడు, పేకాడడు, గొంతు పెంచడు. తడి తువ్వాలు మంచం మీద పడెయ్యడు కూడా. కాకపోతే ఎదుటివాడు ఒక ధర చెబితే విని "సరే" అనడం ఆయనకు పుట్టుకతో రాలేదు. పన్ను పీకే డాక్టరును సైతం "రెండు పీకితే ఎంత తగ్గుతుంది?" అని అడిగిన మనిషి. నొప్పి పెడుతున్నది ఒకటే.

అటువంటి మనిషి చేతికి, కార్లను కూడా దాటించే ఫెర్రీ ఓడ టికెట్ల లోకం దొరికింది. మూడు వారాలు ఆయన ఫోను వదల్లేదు.

"విన్నావా? అదే ఓడ, అదే సముద్రం. బుధవారం ఒక ధర, గురువారం ఇంకో ధర. ఎందుకంటావ్?"

"గురువారం సముద్రం లోతెక్కువేమో."

"ఎగతాళి కాదే. రానూ పోనూ కలిపి కొంటే, పోవడానికి ఒక్కదానికన్నా తక్కువ! ఇందులో ఏదో ఉంది."

పక్క కుర్చీలో ఉన్న అత్తగారు కొడుకు వైపు ఆసక్తిగా వంగింది. "వెళ్ళినవాళ్ళు అక్కడే ఉండిపోతారని అవతలి ఒడ్డువాళ్ళకి భయం కాబోలురా."

ఇల్లాలికి నవ్వొచ్చింది కానీ, నిజానికి ఆమె మనసు ధరల మీద లేదు. అవతలి ఒడ్డున ఆమె అక్క ఉంది. అమ్మ పోయాక కాళ్ళతో తొక్కే కుట్టుమిషను ఎవరికి రావాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. "బొత్తాం కుట్టడం రాని దానికి మిషనెందుకే?" అంది దర్జీపని చేసే అక్క. ఆ ఒక్క మాటకు ఇల్లాలు మిషను తన దగ్గరే అట్టిపెట్టుకుంది, రెండేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. పోయిన నెల ఇల్లాలే ఫోన్ చేసి, మిషను తెచ్చిస్తానంది. ఈ వారం మళ్ళీ ఫోన్ చేసినప్పుడు అక్క, "గురువారం సాయంత్రం ఐదింటికి కొత్త షాపు తెరుస్తున్నా. మొదటి కుట్టు అమ్మ మిషను మీదే వెయ్యాలనుంది. ఐదు దాకా చూస్తా. ఈసారి కూడా నువ్వు రాకపోతే ఇంక ఫోన్లొద్దు," అని పెట్టేసింది. ఈసారి కూడా అనడానికి కారణముంది. ఆ మధ్యలో రెండుసార్లు వస్తానని చెప్పి ఇల్లాలు బయలుదేరబోతే, ఆ వారం ధర ఎక్కువని సర్వేయరు ఆపేశాడు.

కాబట్టి గురువారం పథకం పకడ్బందీగా తయారైంది. తొమ్మిదింటికి ఇంట్లో కదలడం, పదకొండుకు రేవు, పన్నెండుకు ఓడ, రెండింటికి అవతలి ఒడ్డు. 'చిన్న కార్లు, నాలుగు మీటర్ల లోపు' అన్న చవక తరగతిలో టికెట్టు కూడా కొన్నాడు. వెనక సీటు సగం మడిచి మిషనునూ దాని ఇనుప కాళ్ళనూ వేరువేరుగా దుప్పట్లలో చుట్టి ఎక్కించారు. మిగతా సగంలో అత్తగారు.

ఎనిమిదిన్నరకు సర్వేయరు మనశ్శాంతి కోసం టేపు తీశాడు. ముందు నంబరు ప్లేటు చట్రం నుంచి వెనక తాడు కట్టే కొక్కెం దాకా లాగి చదివాడు. మళ్ళీ చదివాడు.

"నాలుగు మీటర్ల మూడు సెంటీమీటర్లు! రేవులో పట్టుకుంటే రెట్టింపు వేస్తారు."

"కారు నంబరు కొట్టగానే చిన్న కారని ఆ ఫోనే చూపించింది కదండీ?"

"దానికేం తెలుసు? టేపు పెట్టి చూసిందా?"

పావుగంటలో ముందు బంపరు నేల మీద ఉంది. మూడు సెంటీమీటర్లు కాదు, ఏకంగా పన్నెండు తగ్గాయని సర్వేయరు సంబరపడ్డాడు. బంపరు లోపల పట్టలేదు కనుక కారు నెత్తిన పెట్టి తాళ్ళతో కట్టాడు. పళ్ళు ఊడిన ముఖంతో కారు రేవుకు బయలుదేరింది.

రేవులో ఎత్తు కొలిచే కడ్డీ కింద దూరబోతే టంగుమని చప్పుడైంది. పసుపు కోటు వేసుకున్న ఉద్యోగిని వచ్చి తలెత్తి చూసింది.

"పైన ఉన్నదేంటండీ?"

"బంపరు."

"ఏ కారుదీ?"

"దీనిదే."

"దీనిదైతే పైనెందుకుంది?"

సర్వేయరు దూరంగా ఓడ పొగ వైపు చూశాడు. "ఎత్తు రెండు మీటర్లు దాటింది. వ్యానుల ధర కట్టాలి," అందామె.

వ్యానుల ధర ఎంతో అడిగి తెలుసుకుని, సర్వేయరు బంపరును కిందికి దించాడు. వెనక కిటికీలు రెండూ తెరిచి, ఒకదాంట్లోంచి దూర్చి రెండోదాంట్లోంచి బయటికి లాగాడు. అత్తగారి ఒడి మీదుగా అడ్డంగా వెళ్ళిన బంపరు అటో జానెడు ఇటో జానెడు బయటికి తేలింది.

"ఇప్పుడు వెడల్పు ఎక్కువైంది," అంది పసుపు కోటు. "మీరు భారీ యంత్రాల లైనులోకి వెళ్ళాలి."

"వెడల్పుకి కూడా ధరుందా!" సర్వేయరు కళ్ళు మెరిశాయి. "దాన్ని ఎలా లెక్కేస్తారండీ, అద్దాలు కలిపా, కలపకుండానా?"

"ఏమండీ, పదకొండున్నర," అంది ఇల్లాలు.

అప్పుడు బంపరు వెనకనుంచి అత్తగారి గొంతు వినబడింది. "అమ్మాయ్, నడిచి ఎక్కేవాళ్ళ చేతి సామానుకి ఎంతమ్మా?"

"ఉచితమండీ."

"ఎంత పొడుగైనా?"

పసుపు కోటు ఆలోచనలో పడింది. ఉద్యోగంలో చేరాక ఆమెను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదని ముఖమే చెబుతోంది. "మోయగలిగితే చాలనే ఉందండీ రూల్సులో."

"ప్లాస్టిక్కేగా, నేను పట్టుకెళ్తాలే," అని అత్తగారు దిగింది. బంపరును చంకలో ఇరికించుకుని నడకదారి వైపు వెళ్ళింది. ఆమె పక్కకు తిరిగినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్ళు వంగుతున్నారు.

ఇప్పుడు కారుకు పొడవు, ఎత్తు, వెడల్పు అన్నీ కుదిరాయి. సర్వేయరు ఈల వేస్తూ గేటు దగ్గరికి పోనిచ్చాడు. గేటు లేవలేదు. స్తంభం మీదున్న కెమెరా కారు ముఖం కేసి చూసింది, చూస్తూనే ఉండిపోయింది.

"ముందు నంబరు ప్లేటేదండీ?" పసుపు కోటు పరుగున వచ్చింది.

"బంపరుకుంది."

"బంపరేదీ?"

అంతలో ఫోను మోగింది. అత్తగారు. "ఒరేయ్, ఇక్కడ జనం మాత్రమే ఎక్కే చిన్న పడవొకటి ఉందిరా. డెబ్బై దాటినవాళ్ళకి టికెట్టే లేదట! ఊరికే వస్తుంటే వదులుకోవడమెందుకని ఎక్కేశాను. కదిలింది కూడా. గాలి భలే ఉంది."

సర్వేయరు సముద్రం వైపు వేలు చూపించాడు. ఒక తెల్ల పడవ రేవు దాటి మలుపు తిరుగుతోంది.

"వెనక ప్లేటుంది కదండీ, చూడండి!"

"కెమెరా ముందువైపే చూస్తుందండీ."

"వెనక్కి ఎక్కిస్తాను."

"ఓడలోకి వెనక్కి నడపనివ్వరు."

పన్నెండు గంటల ఓడ వీళ్ళు లేకుండానే కూత వేసి వెళ్ళిపోయింది. కార్లెక్కే ఓడ మళ్ళీ ఐదింటికి. ఇల్లాలు గడియారం చూసుకుని ఇంక చూడటం మానేసింది.

ఆఫీసులో కారు కాగితాలు తిరగేసి పసుపు కోటు చివరికి అంది, "ముందు భాగం లేదు, నంబరు లేదు. మా రూల్సులో ఇది పాడైన బండండీ. పాడైన బండిని లాగుడు బండి మీదే ఎక్కించాలి."

"నడుస్తోందండీ బాబూ! ఇంటినుంచి నడిచేగా వచ్చిందీ!"

"ఇంటి దగ్గర నడవొచ్చు. రూల్సులో నడవదు. రెండూ కలిపి పదకొండు మీటర్లకు కట్టాలి." ఆమె కాగితాన్ని ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది. "అసలు బంపరెందుకు విప్పారండీ? ఇందులో మీ కారు మూడు మీటర్ల తొంభై ఎనిమిది. మేము కాగితమే చూస్తాం."

"కొలవరా?" సర్వేయరు గొంతు సన్నబడింది.

"ఎప్పుడూ కొలవలేదండీ."

ఆ మాట విన్నాక ఆయన జేబులో టేపును తడుముకున్నాడు, నమ్మిన బంధువు మోసం చేసినట్టు.

ఇల్లాలు అరవలేదు. ఏడవనూ లేదు. కారు తలుపు తీసి దుప్పటి మూట విప్పింది. ఇనుప కాళ్ళను అక్కడే వదిలేసి మిషను తలను రెండు చేతులా పైకెత్తింది. పన్నెండు కిలోలుంటుంది. దాంతో ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. తానే మోసుకెళ్ళొచ్చన్న సంగతి ఇంత కాలం ఎందుకు చూడలేదా అని ఆమెకే వింతగా అనిపించింది.

"ఇది చేతి సామానేనా అండీ?"

"మోయగలరా?" అంది పసుపు కోటు.

"అదే చూస్తున్నా."

సర్వేయరు కంగారుగా వెంటపడ్డాడు. "ఆగవే, నేనూ వస్తా, చెరో పక్క పట్టుకుందాం."

"కారొదిలేసి ఎలా వస్తారండీ? పదకొండు మీటర్లకు కట్టారు."

రెండున్నరకు బయలుదేరిన చిన్న పడవ ఆమెను నాలుగింటికి దించింది. రేవు నుంచి షాపు అర కిలోమీటరు. మిషనును చెయ్యి మార్చుకుంటూ, గోడల మీద ఆనించుకుంటూ, పది అడుగులకొకసారి ఆగుతూ నడిచింది. పది తక్కువ ఐదుకు వీధి మలుపు తిరిగేసరికి అక్క షాపు గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. లోపల గిరాకీల కుర్చీలో అత్తగారు. ఆమె పక్కన గోడకు ఆనుకుని కారు బంపరు. వీధిలో సగం మందికి అప్పటికే కథంతా తెలుసు.

"కార్లో వస్తానన్నావు?" అంది అక్క.

"నేనొచ్చాను. కారే రాలేదు."

"బొత్తాం కుట్టడం రానిదానివి, ఇంత బరువెలా మోసుకొచ్చావే?"

"మొయ్యడానికి కుట్టడం రానక్కర్లేదక్కా."

అక్క మిషనును అందుకుని గుడ్డలు కత్తిరించే బల్ల మీద పెట్టింది. చేత్తో చక్రం తిప్పింది. అది చప్పుడు లేకుండా తిరిగింది. అక్క మళ్ళీ తిప్పి చూసింది.

"నూనె ఎవరు వేస్తున్నారు?"

"నేనే. నెలనెలా."

"కుట్టకుండా?"

"కుట్టకుండానే."

అక్క చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి కాసేపు నిలబడింది. తరవాత కుర్చీ లాగి, "కూర్చో. భుజం ఇలా చూపించు," అంది. తొక్కే కాళ్ళు లేకపోయినా, సరిగ్గా ఐదింటికి ఇల్లాలు చక్రం తిప్పుతుంటే అక్క గుడ్డ జరుపుతూ మొదటి కుట్టు వేసింది. అది కాస్త వంకర పోయింది. చక్రం తిప్పినవాళ్ళదే తప్పని అక్క, కాదని చెల్లెలు చాలాసేపు వాదించుకున్నారు. రెండేళ్ళ బాకీ మాటలన్నీ అందులోనే తీరిపోయాయి.

ఏడున్నరకు వీధిలోకి లాగుడు బండి వచ్చింది. దాని వీపు మీద కారు, కారు ముందు సీట్లో బెల్టు పెట్టుకుని సర్వేయరు. ఆయన దిగి బట్టలు దులుపుకున్నాడు. గోడకు ఆనించిన బంపరును చూశాడు, భార్య భుజానికి కట్టిన తడిగుడ్డను చూశాడు.

"వదినా, క్షమించాలి. ఏమేవ్, నువ్వూ విను. నాదే తప్పు."

అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటిరా? ఇంకోసారి అను," అంది.

"తప్పు నాదేనంటున్నా కదమ్మా. ఆ కెమెరా ముందువైపే చూస్తుంది. నేను వెనక బంపరు విప్పాల్సింది."

ఆయన నోట 'తప్పు నాదే' అన్న మాట రావడం అదే మొదటిసారి కాబట్టి, అసలు తప్పు అది కాదని సరిదిద్దే సాహసం ఎవరూ చెయ్యలేదు.