దుమ్ముకు విరుగుడు

ఆ ఉదయం ప్యో మాన్‌సు వేసుకున్న పథకం చిన్నదే. ఆసుపత్రికి వెళ్లి మెడ స్కానింగు ఫలితం వినాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి భోంచేయాలి. ఇంచ్యోన్ నగర వీధుల్లో ముప్పయ్యేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి అతను.

డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. "ఏళ్ల తరబడి రోడ్డు పొగా దుమ్మూ పీల్చారు తాతగారూ. అది ఊపిరితిత్తులతో ఆగదు, రక్తనాళాల్నీ పాడుచేస్తుంది. మీ మెడ నాళంలో పూడిక మొదలైంది. దుమ్ము రోజుల్లో బయటికెళ్లకండి" అన్నది మొదటిది. "పంది కొవ్వు మానేయండి" అన్నది రెండోది.

ఇల్లు చేరేలోగా మాన్‌సు రెండోదాన్ని మింగేశాడు.

"నాళాల్లోకి దుమ్మా!" భార్య ఓక్‌బున్ గుండెల మీద చెయ్యి వేసుకుంది. మరుక్షణం చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?"

"మాంసం కొట్టుకి. దుమ్మును కడిగేది పంది పొట్టమాంసమే కదా! బొగ్గుగనిలో మా నాన్న తిన్నదేమిటనుకున్నారు?"

ఎడారి గాలితో పసుపు దుమ్ము లేచిన రోజున ఆ ఊరి మాంసం కొట్ల ముందు జనం వరుసలు కట్టేది అందుకే. నెలకోసారి కూడా మాంసం వండని ఇల్లాలు రోజూ కాల్చిపెడతానంటోంది. నిజం మాన్‌సు నాలుక చివరిదాకా వచ్చి, అక్కడే కూర్చుండిపోయింది.

వారం తిరక్కుండానే భయం పట్టుకుంది. చల్లారిన పెనం మీద తెల్లగా పేరుకున్న కొవ్వును చూస్తుంటే తన మెడ లోపలికి తొంగిచూస్తున్నట్టే ఉంది.

"ఇవాళ వద్దులేవే."

ఓక్‌బున్ పాలకూరంత లేత ఆకులో మాంసం, వెల్లుల్లి, సోయా ముద్ద పెట్టి, పొట్లం కట్టి నోటి ముందుకు తెచ్చింది. "ఆ అనండి. మీకేమన్నా అయితే నేనెవరితో పోట్లాడను?"

ఆ చేతిని కాదనడం అతనికి చేతకాలేదు. ఆ అన్నాడు.

అంతలో గది మూలనున్న గాలి శుభ్రంచేసే యంత్రం ఎర్రగా వెలిగింది. "చూశారా, బయటి దుమ్ము ఇంట్లోకొచ్చేసింది!" అంటూ ఆమె కిటికీలన్నిటికీ టేపు అంటించింది. పెనం పొగ ఇంట్లోనే నిలిచింది. యంత్రం ఇంకా ఎర్రబడింది. దానికి విరుగుడుగా ఇంకో పళ్లెం మాంసం పెనమెక్కింది. చివరికి పైకప్పు అలారం మోగింది. భవనమంతా ఖాళీ చేయమని మైకులో అరిచారు.

అప్పుడే నోట్లో కుక్కిన పొట్లంతోనే మాన్‌సును ఆమె కిందికి లాక్కొచ్చింది.

"తాతా, మంటెక్కడ?" అన్నాడు భవనం గార్డు బేంగ్.

మాన్‌సు ఒక బుగ్గ ఉబ్బించుకుని "మ్ఊం" అన్నాడు.

"అయ్యో! మూతి వంకరపోయింది, మాట పడిపోయింది, పక్షవాతం!" అని అరిచాడు బేంగ్.

మాన్‌సు కాదని తల ఊపాడు.

"తల కూడా వణుకుతోంది! అంబులెన్సు!"

నమలడానికి వ్యవధి లేకుండా ముఖానికి ఆక్సిజన్ తొడుగు బిగించారు. ఆసుపత్రిలో అదే డాక్టరమ్మ అతని నోట్లోంచి నలిగిన ఆకు ఒకటి బయటికి లాగింది.

"ఏమిటిది?"

"మందమ్మా," అంది ఓక్‌బున్ వెక్కుతూ. "మీరే దుమ్మన్నారుగా."

"కొవ్వు మానమని కూడా అన్నానే!"

ఓక్‌బున్ భర్త వైపు తిరిగింది. తిట్లకు సిద్ధపడి అతను కళ్లు మూసుకున్నాడు. తిట్లు రాలేదు. "నా చేత్తో నేనే మీకు..." అంటూ ఆమె తన అరచేతుల్ని చూసుకుంది.

"నువ్వు తినిపిస్తుంటే బాగుందే," అన్నాడు మాన్‌సు నెమ్మదిగా. "అందుకే చెప్పలేదు."

ఆమె ఆయాసం గమనించి డాక్టరమ్మ ఆమె మెడకూ స్కానింగు చేయించింది. ఆ నాళంలోనూ అంతే పూడిక.

"మీరూ బస్సు నడిపారా?"

"లేదమ్మా. బస్సు డిపో గేటు దగ్గర కింబాప్ అన్నం చుట్టలమ్మే బండి పెట్టుకునేదాన్ని."

"బస్సులన్నీ అక్కడే ఆగేవా?"

"ఈయనదొక్కటే. పెళ్లికి ముందునుంచీ. ఇంజను ఆపకుండా, నన్నే చూస్తూ."

మాన్‌సు గోడవైపు తిరిగాడు. అతని చెవులు మాత్రం ఇటే కనబడుతూ ఎర్రబడ్డాయి. ఓక్‌బున్ దుప్పటి సర్ది, అతని చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

డాక్టరమ్మ ఇద్దరికీ ఒకే మాత్ర రాసి, ఇకమీదట ఎవర్నైనా చూడాలనిపిస్తే ముందు ఇంజను ఆపమంది.